నేర్చుకున్నవాడి మీద చిన్నపిల్లల హక్కు

ఇస్లాం దృష్టిలో జ్ఞానం సొంత ఆస్తి కాదు, అమానత్. సంపన్నుడి సంపదలో పేదవాడికి హక్కు ఉన్నట్లే, నేర్చుకున్నవాడి విద్యలో నేర్చుకోనివాడికి హక్కు ఉంది. ఈ మాట వినగానే మనలో చాలామంది "అది ఉలమాల బాధ్యత, ఉపాధ్యాయుల బాధ్యత. నేనింకా విద్యార్థినే కదా!" అనుకుంటారు. ఇంటర్ చదివే అబ్బాయి, డిగ్రీ చదివే అమ్మాయి, మద్రసాలో మూడో ఏడు చదువుతున్న తాలిబె ఇల్మ్ అందరిదీ ఇదే ఆలోచన. తమ చదువు పూర్తయ్యేవరకు తాము ఎవరికీ ఏమీ బాకీ లేమని వారు భావిస్తారు. ఈ ఆలోచన ఎంతవరకు సరైనదో ఈ పాఠంలో పరిశీలిద్దాం. చదువుకునే పిల్లలు తమకన్నా చిన్నపిల్లలకు ఎలా తోడుగా నిలవాలో, అందులో ఏ పొరపాట్లు జరుగుతుంటాయో కూడా తెలుసుకుందాం.

ఇరవై రాత్రుల విద్యార్థులు

హజ్రత్ మాలిక్ బిన్ హువైరిస్ (రజి) తన గురించి స్వయంగా చెప్పిన ఒక సంఘటన సహీహ్ బుఖారీలో ఉంది. ఆయన, ఆయన మిత్రులు కొందరు దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చారు. అందరూ యువకులే, ఇంచుమించు ఒకే ఈడువారు. ఇరవై రాత్రులు మదీనాలో ఉండి ధర్మం నేర్చుకున్నారు. దైవప్రవక్త (స) ఎంతో దయామయులు. ఆ కుర్రవాళ్లకు ఇంటి మీద బెంగ కలిగిందని ఆయన గ్రహించారు. ఇంట్లో ఎవరెవరిని వదిలి వచ్చారని అడిగి తెలుసుకున్నారు. తరువాత, మీ వాళ్ల దగ్గరకు తిరిగి వెళ్లండి, వారి మధ్యనే ఉండండి, వారికి నేర్పండి అని ఆదేశించారు.

ఇక్కడ గమనించవలసిన విషయాలు రెండున్నాయి. మొదటిది, ఆ యువకులు మహా పండితులై తిరిగి వెళ్లలేదు. వారు చదివింది ఇరవై రోజులే. అయినా ఆ ఇరవై రోజుల విద్య మీద వారి ఊరివారికి హక్కు ఏర్పడింది. రెండవది, వారిని ఎక్కడికో దూరదేశానికి పంపలేదు, సొంత మనుషుల మధ్యకే పంపారు. సొంత వీధిలో, సొంత భాషలో నేర్పడం అందరికన్నా వారికే సులువు.

వయస్సు విషయంలో సందేహం ఉన్నవారు హజ్రత్ అమ్ర్ బిన్ సలిమా (రజి) గాథను గుర్తు చేసుకోవాలి. ఆయన కుటుంబం బాటసారులు ఆగే నీటి రేవు దగ్గర నివసించేది. మదీనా వైపు నుండి వచ్చిపోయే బిడారుల నోట విన్న ఖుర్ఆన్ వాక్యాలను ఆ పిల్లవాడు కంఠస్థం చేసుకునేవాడు. ఆ తెగవారు ఇస్లాం స్వీకరించాక, ఎక్కువ ఖుర్ఆన్ వచ్చినవాడు ఎవరని వెదికితే అందరికన్నా అతనికే ఎక్కువ వచ్చని తేలింది. ఆరేడేళ్ల వయసులోనే అతణ్ణి నమాజుకు ఇమామ్‌గా నిలబెట్టారు. సజ్దాలో అతని పొట్టి వస్త్రం పైకి జరిగిపోతుంటే గుడ్డ కొని చొక్కా కుట్టించారు. ఆ చొక్కా దొరికినంత సంతోషం మరి దేనికీ కలగలేదని ఆయన పెద్దయ్యాక చెప్పుకున్నారు. చిన్నవాడి విద్యను పెద్దలు గౌరవించారు, అతని అవసరాన్నీ కనిపెట్టి తీర్చారు.

లెక్క రోజులకు కాదు, పిల్లవాడి అక్షరాలకు

హిజ్రీ 2వ సంవత్సరం (క్రీ.శ. 624) బద్ర్ యుద్ధంలో పట్టుబడిన మక్కా ఖైదీలలో పరిహారం చెల్లించే స్తోమత లేనివారు కొందరున్నారు. వారిలో చదువు వచ్చినవారికి మదీనా పిల్లలకు రాయడం నేర్పే పని అప్పగించబడింది. ఒక్కొక్కరు పదిమంది పిల్లలకు నేర్పాలి. పిల్లలకు రాయడం బాగా వచ్చాక అదే ఆ ఖైదీకి పరిహారం అవుతుంది. ఇబ్ను సఅద్ నమోదు చేసిన ఈ ఉల్లేఖనంలోనే, హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) కూడా అలా రాయడం నేర్చుకున్న బాలలలో ఒకరని ఉంది. తరువాతి కాలంలో దైవవాణిని లిఖించినవారు, హజ్రత్ అబూబకర్ (రజి) పాలనలో ఖుర్ఆన్ సంకలన కార్యాన్ని నిర్వహించినవారు ఈయనే.

ఖైదీల విడుదలకు పెట్టిన షరతును జాగ్రత్తగా చూడండి. ఇన్ని రోజులు పాఠం చెబితే చాలు అని అనలేదు, పిల్లలకు వచ్చి తీరాలి అన్నారు. ఈ పాఠంలో మనం గుర్తుంచుకోవలసిన అసలు విషయం ఇదే. నేను ఎన్ని వారాలు వెళ్లాను, ఎన్ని ఫొటోలు తీయించుకున్నాను అన్నది లెక్క కాదు. ఆ పిల్లవాడికి ఏమి వచ్చింది అన్నదే లెక్క.

ఇదే సందర్భం గురించి ముస్నద్ అహ్మద్‌లో మరో వివరం ఉంది. ఒక బాలుడు ఏడుస్తూ తండ్రి దగ్గరకు వచ్చి గురువు కొట్టాడని చెప్పాడు. బద్ర్ పగ తీర్చుకుంటున్నాడని తండ్రి కోపగించి, ఇక వాడి దగ్గరకు వెళ్లవద్దని కొడుకుతో అన్నాడు. చదువు ఎంత విలువైనదైనా, పిల్లవాడి ఫిర్యాదును ఆ తండ్రి పెడచెవిన పెట్టలేదు.

మన సీమలో పాత పద్ధతి

ఇక మదీనా నుండి మన రాయలసీమకు వద్దాం. పెద్ద పిల్లలు చిన్నపిల్లలకు నేర్పడం ఇక్కడ కొత్తగా వచ్చిన పద్ధతి కాదు. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో ప్రతి జిల్లాలో బడులు ఎన్ని ఉన్నాయో లెక్క పంపమని కలెక్టర్లను ఆదేశించాడు. ఈ మన్రో అంతకుముందు దత్త మండలాలకు ప్రధాన కలెక్టరుగా పనిచేసినవాడే. 1827లో కర్నూలు ప్రాంతంలోని పత్తికొండలో కలరాతో మరణించాడు. అతని ఆదేశం మేరకు బళ్లారి కలెక్టరు క్యాంప్‌బెల్ 1823లో నివేదిక పంపాడు. తెలుగు వ్యాకరణం రాసిన క్యాంప్‌బెల్ ఇతనే. నేటి కర్నూలు జిల్లాలోని ఆదోని ప్రాంతం అప్పుడు బళ్లారి జిల్లాలో భాగం. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడే అది ఇటు వచ్చి చేరింది.

ఆ నివేదికలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు లెక్కకు వచ్చారు. బడులలో 235 కన్నడం, 226 తెలుగు, 21 పారసీ నేర్పేవి. మిగిలినవి మరాఠీ, సంస్కృతం, తమిళం, ఇంగ్లీషు బడులు. ముందున్న విద్యార్థులు వెనుకబడినవారికి నేర్పే పద్ధతిని క్యాంప్‌బెల్ అందులో ఎంతో మెచ్చుకున్నాడు. అలా నేర్పడం వల్ల నేర్పేవాడి చదువు కూడా గట్టిపడుతుందని, ఇంగ్లాండు ఈ పద్ధతిని అనుకరించడం సబబేనని రాశాడు. అనుకరణ మాట నిజమే. 1789లో మద్రాసులోని ఎగ్మోరు అనాథ బాలుర ఆశ్రమాన్ని నిర్వహించిన ఆండ్రూ బెల్, స్థానిక బడిలో పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దడం చూశాడు. పెద్ద పిల్లల చేత చిన్నవారికి చెప్పించే పద్ధతిని తన ఆశ్రమంలో అమలు చేసి, 1797లో దాని గురించి పుస్తకం ప్రచురించాడు. అది "మద్రాసు పద్ధతి" అన్న పేరుతో ఇంగ్లాండులో వ్యాపించింది.

మద్రసాలలో చదివినవారికి ఇదేమీ ఆశ్చర్యం కలిగించదు. పూర్వపు మద్రసాలలో "ముఈద్" అని ఒకరుండేవారు. ఉస్తాదు పాఠం ముగించాక దానిని విద్యార్థులకు మళ్లీ చెప్పి అర్థం చేయించడం ఆయన పని. నేటికీ మన మద్రసాలలో "తక్రార్" జరుగుతుంది. పాఠం బాగా అర్థమైన విద్యార్థి కూర్చుని, తోటివారికి అదే పాఠం తిరిగి చెబుతాడు. తక్రార్ చెప్పినవాడికి పాఠం ఎంత బాగా నిలుస్తుందో అనుభవించినవారికే తెలుస్తుంది. తెలిసిందనుకున్న విషయం ఎదుటివాడు ఒక్క ప్రశ్న వేయగానే తెలియలేదని బయటపడుతుంది.

క్యాంప్‌బెల్ నివేదికలో బాధాకరమైన అంశం కూడా ఒకటుంది. ప్రజల పేదరికం పెరిగి, చిన్నపనికైనా చేతులు రాగానే తల్లిదండ్రులు పిల్లలను పనిలో పెట్టవలసి వస్తోందని, అందువల్ల చదువు క్షీణిస్తోందని అతను రాశాడు. ఇది రెండు వందల ఏళ్ల నాటి మాట. మరి నేటి సంగతి?

నేటి మన పిల్లలు

2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి కర్నూలు జిల్లా అక్షరాస్యత 59.97 శాతం. స్త్రీలలో అది 49.78 శాతం మాత్రమే. అంటే ఏడేళ్లు దాటిన ఆడవారిలో సగం మందికి పైగా చదువు రానివారే. ఉమ్మడి కడప జిల్లాలో మొత్తం అక్షరాస్యత 67.30 శాతం.

ఈ అంకెల వెనుక ఉన్న జీవితాలు మనకు తెలియనివి కావు. వానలు తప్పిన ఏడు ఆదోని, కోసిగి, పెద్దకడుబూరు, మంత్రాలయం వైపు కుటుంబాలకు కుటుంబాలే "సుగ్గి"కి బయలుదేరుతాయి. గుంటూరు వైపు మిరప కోతలకు, పత్తి తీతకు, బెంగళూరు, హైదరాబాదులకు కట్టడం పనులకు వెళ్లిపోతాయి. పిల్లలూ వెంట వెళ్తారు. వలస కుటుంబాల పిల్లల కోసం ప్రభుత్వం సీజనల్ హాస్టళ్లు నడిపినా, చంటిబిడ్డను చూసుకోవడానికని అక్కను, అన్నను వెంట తీసుకువెళ్లేవారు ఎందరో. కొన్ని నెలల తరువాత తిరిగి వచ్చిన పిల్లవాడు అదే తరగతిలో కూర్చుంటాడు. పాఠం మాత్రం అతణ్ణి దాటి ఎంతో దూరం వెళ్లిపోయి ఉంటుంది. బేతంచెర్ల, కొలిమిగుండ్ల, ఎర్రగుంట్ల వైపు నాపరాయి గనుల కూలీల పిల్లలు, పట్టణాలలో పంక్చర్ షాపుల్లో, మెకానిక్ షెడ్లలో చేతికి సాయంగా ఉండే పిల్లలు — వీరి కథ కూడా ఇంచుమించు ఇదే.

మన ముస్లిం పిల్లల విషయంలో భాషా సమస్య ఒకటి అదనం. ఇంట్లో దక్కనీ ఉర్దూ, బడిలో తెలుగు లేదా ఇంగ్లీషు, సాయంత్రం మక్తబ్‌లో అరబ్బీ. ఒక లిపి ఎడమ నుండి కుడికి, మరొకటి కుడి నుండి ఎడమకు. నూర్‌బాషా కుటుంబాలలో ఇంటి భాష తెలుగే కనుక అక్కడ ఇబ్బంది మరో విధంగా ఉంటుంది. వారి పిల్లలకు బడిలో కన్నా మక్తబ్‌లో కష్టం. ఇన్ని అక్షరాల మధ్య తికమకపడే పిల్లవాడిని మనం సులువుగా "మొద్దు" అనేస్తాము. ఆ మాటను అతడు నమ్ముతాడు. అసలు నష్టం అక్కడే జరుగుతుంది. రెండు భాషలూ తెలిసిన విద్యార్థి ఆ పిల్లవాడికి వంతెన కాగలడు. ఉర్దూ మాటతో తెలుగు పాఠాన్ని, తెలుగు మాటతో అరబ్బీ అక్షరాన్ని విప్పి చెప్పగలడు.

మన కర్నూలు బిడ్డ డాక్టర్ అబ్దుల్ హఖ్ గారు మద్రాసులో ఉన్నత విద్యా పదవులు నిర్వహించినా తన ఊరిని మరువలేదు. 1947లో కర్నూలులో ఉస్మానియా కళాశాలను స్థాపించారు. 2016లో ఏర్పడిన ఉర్దూ విశ్వవిద్యాలయానికి ఆయన పేరే పెట్టారు. కళాశాల కట్టించడం అందరి వల్లా కాదు. కాని ఒక్క పిల్లవాడి చేత "అమ్మ" అని రాయించడం మనలో ప్రతి ఒక్కరి వల్లా అవుతుంది.

ముందు స్థాయి తెలుసుకోండి

నాలుగో తరగతి పిల్లవాడికి నాలుగో తరగతి పుస్తకమే చెప్పాలి అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. అతనికి గుణింతాలే రాకపోతే ఆ పుస్తకం ఏం లాభం? 2005 నుండి దేశమంతటా గ్రామాలలో జరుగుతున్న "అసర్" సర్వేలో పిల్లల చదువును ఒక చిన్న కాగితంతో పరీక్షిస్తారు. అందులో నాలుగు మెట్లున్నాయి: అక్షరాలు, చిన్న పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ. పిల్లవాడిని ఒక్కడినే కూర్చోబెట్టి చదివిస్తారు. ఎక్కడ ఆగితే అదే అతని స్థాయి. ఆ మెట్టు నుండే మొదలుపెట్టాలి. తరగతిని బట్టి కాక స్థాయిని బట్టి పిల్లలను కూర్చోబెట్టాలి.

ఈ పద్ధతి ఫలితాలను పరిశోధకులు కూడా కొలిచి చూశారు. 2001–2003 మధ్య ముంబయి, వడోదర నగరాలలో వెనుకబడిన మూడు, నాలుగు తరగతుల పిల్లలకు "బాల్‌సఖి" పేరుతో అదే ప్రాంతపు యువతులు రోజూ రెండు గంటలు నేర్పారు. వారు శిక్షణ పొందిన టీచర్లు కారు. అయినా పిల్లలు చెప్పుకోదగినంతగా మెరుగుపడ్డారు. తరువాత ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్‌లో గ్రామ యువకులు బడి బయట పఠన శిబిరాలు నడిపారు. వచ్చిన పిల్లలకు మేలు జరిగింది, కాని వచ్చినవారు తక్కువ. ఈ పరిశోధనలలో పాలుపంచుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లోలు 2019లో ఆర్థికశాస్త్ర నోబెల్ బహుమతి పొందినవారిలో ఉన్నారు. మనకు ఇందులో రెండు పాఠాలున్నాయి. పెద్ద డిగ్రీ లేకపోయినా నేర్పవచ్చు. అయితే మనం కూర్చుని పిల్లలు వస్తారని ఎదురుచూస్తే చాలదు, ఇంటికి వెళ్లి పిలుచుకురావాలి.

పాటించవలసిన మర్యాదలు

1. కొద్దిగా చేయండి, ఆపకుండా చేయండి. కొంచెమైనా సరే నిలకడగా చేసే ఆచరణే అల్లాహ్‌కు ఎక్కువ ప్రియమైనదని హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించిన హదీసులో ఉంది. రంజాన్ మాసంలో ఉత్సాహంగా ముప్ఫైమంది పిల్లలను పోగుచేసి, పండుగ వెళ్లగానే వదిలేయడం కన్నా, ఐదుగురు పిల్లలకు వారానికి మూడు రోజులు, అస్ర్ నుండి మగ్రిబ్ వరకు, ఏడాదంతా చెప్పడం మేలు. మీరు మానేసిన రోజు పిల్లవాడు మీ పరీక్షల గురించి ఆలోచించడు. "నాకు రావడం లేదని అన్న వదిలేశాడు" అనుకుంటాడు. పరీక్షలున్నప్పుడు ముందే చెప్పండి, మరొకరిని అప్పగించి వెళ్లండి.

2. వెనుకబడినవాడిని ముందు చూడండి. చురుకైన పిల్లవాడికి చెప్పడం హాయిగా ఉంటుంది. కాని అంధుడైన హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమ్మె మక్తూమ్ (రజి) నేర్చుకోవాలని వచ్చినప్పుడు, ఆ సందర్భంగా అవతరించిన "అబస" సూరా (80వ సూరా) మనకు ఏమి నేర్పుతోంది? ఆసక్తితో నడిచివచ్చిన బలహీనుడి హక్కు, పట్టించుకోని ప్రముఖుల హక్కు కన్నా ముందుంటుందని.

3. కొట్టవద్దు, ఎగతాళి చేయవద్దు. హజ్రత్ అనస్ (రజి) బాలుడిగా వచ్చి పదేళ్లు దైవప్రవక్త (స) సేవలో ఉన్నారు. ఆ పదేళ్లలో తనను ఒక్కసారి విసుక్కోలేదని, ఇలా ఎందుకు చేశావని నిలదీయలేదని ఆయన సాక్ష్యం చెప్పారు.

4. అందరికీ కనబడేచోట నేర్పండి. మస్జిద్ ఆవరణ, బడి వరండా, ఇంటి అరుగు మంచివి. మూసిన గదిలో ఏ పిల్లవాడితోనూ ఒంటరిగా ఉండవద్దు. ఇద్దరు కలిసి నేర్పండి, తల్లిదండ్రులకు తెలిసి నేర్పండి. ఆడపిల్లలకు విద్యార్థినులు నేర్పడం ఉత్తమం. పిల్లల మీద అఘాయిత్యాలను అరికట్టడానికి 2012లో పోక్సో చట్టం వచ్చింది. పిల్లవాడు ఏదైనా బాధ చెప్పుకుంటే దాచిపెట్టకుండా బాధ్యత గల పెద్దలకు తెలపాలి. ఏడుస్తూ వచ్చిన కొడుకు మాట విన్న ఆ మదీనా తండ్రిని గుర్తుంచుకోండి.

5. బడిని విడిపించవద్దు. మీరు బడికి తోడు మాత్రమే, బదులు కాదు. 6 నుండి 14 ఏళ్ల వరకు ఉచిత నిర్బంధ విద్య పిల్లల హక్కు అని చెప్పే చట్టం 2010 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉంది. బడి మానిన పిల్లవాడు కనబడితే ముందు ప్రధానోపాధ్యాయుణ్ణి కలవండి. సుగ్గి నుండి వచ్చిన పిల్లలకు మొదటి రెండు నెలలు ప్రత్యేకంగా సమయమివ్వండి.

6. పొరుగువారి పిల్లలను వేరు చేయవద్దు. బద్ర్ ఖైదీలు ముస్లింలు కారు, అయినా వారి నుండి మన పిల్లలు అక్షరాలు నేర్చుకున్నారు. అలాంటప్పుడు మన పక్కింటి హిందూ సోదరుని బిడ్డ పలకతో వస్తే కాదనడానికి మనకు ఏ కారణమూ లేదు.

సంకల్పం ఎవరి కోసం?

కాలేజీలలో జాతీయ సేవా పథకం (ఎన్.ఎస్.ఎస్.) 1969 నుండి ఉంది. అందులో చేరిన విద్యార్థి రెండేళ్లలో 240 గంటలు సేవ చేయాలి. ఆ గంటలను చిన్నపిల్లల చదువుకు వినియోగించడం ఎంతో మంచిది. సర్టిఫికెట్ రావడం తప్పు కాదు. కాని ఆచరణలన్నీ సంకల్పాల మీద ఆధారపడి ఉన్నాయన్న హదీసుతోనే ఇమామ్ బుఖారీ (రహ్మ) తన గ్రంథాన్ని ప్రారంభించారు. 240 గంటలు నిండిన మరుసటి రోజు కూడా మీరు ఆ పిల్లల దగ్గరకు వెళ్తారా? మీ సంకల్పం ఏమిటో ఈ ఒక్క ప్రశ్న తేల్చి చెబుతుంది.

తల్లిదండ్రులకు ఒక మనవి. "నీ చదువు చూసుకో, ఊరివాళ్ల పిల్లలు నీకెందుకు?" అని మీ బిడ్డను ఆపకండి. వారానికి మూడు నాలుగు గంటలతో అతని చదువు చెడిపోదు, తక్రార్ చెప్పినవాడి పాఠంలా గట్టిపడుతుంది. మనిషి మరణించాక కూడా ఆగని మూడు పుణ్యాలలో ప్రయోజనకరమైన విద్య ఒకటని సహీహ్ ముస్లిం హదీసు తెలుపుతోంది. మీ అబ్బాయి నేర్పిన అక్షరంతో ఒక పిల్లవాడు ఖుర్ఆన్ చదివినా, తల్లికి వచ్చిన ఉత్తరం చదివి వినిపించినా, కూలి లెక్కలో మోసపోకుండా తండ్రిని కాపాడినా, ఆ పుణ్యంలో మీకూ భాగం ఉంటుందని ఆశిద్దాం.

మననం కోసం ప్రశ్నలు

1. మాలిక్ బిన్ హువైరిస్ (రజి), ఆయన మిత్రులు ఎన్ని రోజులు చదివి తిరిగి వెళ్లారు? మీరు ఎన్నేళ్లుగా చదువుతున్నారు?
2. బద్ర్ ఖైదీల విడుదలకు షరతు ఏమిటి? మన సేవను ఆ షరతుతో కొలిస్తే ఏమి తేలుతుంది?
3. మీ వీధిలో చదవడం రాని పిల్లలు ఎందరు? వారి పేర్లు రాయండి.
4. ఆ పేర్లలో ఒక్కదాని పక్కన మీ పేరు, వారంలో మీరివ్వగల రోజులు రాయండి.

అల్లాహ్ మనకు ప్రయోజనకరమైన జ్ఞానాన్ని ప్రసాదించుగాక! నేర్చుకున్నదానిని దాచుకోకుండా చిన్నవారికి అందించే సద్బుద్ధిని, దానిని మధ్యలో వదలని నిలకడను అనుగ్రహించుగాక! ఆమీన్.